ఏమీ లేదట!

మా ఇంట్లో ఇనప్పెట్టె లేదు. బంగారం ఉన్న కాస్తా బ్యాంకులో భద్రంగా ఉంది, మేం విడిపించుకోలేనంత భద్రంగా. ఇక చెప్పుకోదగ్గ ఆస్తి బీరువా మీదున్న ఆకుపచ్చ ఫైలు ఒక్కటే. పన్నెండేళ్ళుగా అక్షరాలా చెమటోడ్చి కూడబెట్టిందది. అందులో తొమ్మిది ఈసీజీలు, రెండు ఎకోలు, ఒక ట్రెడ్‌మిల్ పరీక్ష, ఒక ఎండోస్కోపీ, నాలుగు థైరాయిడ్ రిపోర్టులు, తలకాయ స్కానింగ్ తాలూకు నల్ల ఫిల్ము ఒకటి ఉన్నాయి. ఆ ఫిల్మును కిటికీకి ఎదురుగా పట్టి చూస్తే లోపల మెదడున్నట్టే కనిపిస్తుంది. మా ఆవిడ మాత్రం దాన్ని ఇంకా ఒప్పుకోలేదు.

ఫైలు బరువు కిలోన్నర పైమాటే. అందులో సారం రెండు మాటలు: "ఏమీ లేదు."

నా ఫిర్యాదు ఆ రెండు మాటల మీదే. డబ్బు పోస్తే ఏదో ఒకటి చేతికి రావాలి గదా? కూరగాయల బండి దగ్గర రెండొందలు తీసుకుని, సంచీలో గాలి నింపి, "సంతోషించండి, ఏమీ లేదు" అంటే ఊరుకుంటామా? ఇక్కడ మాత్రం వేలకు వేలు కట్టించుకుని అదే మాట చెబుతారు. పైగా మనం సంతోషించలేదని చిన్నబుచ్చుకుంటారు. వెంట వచ్చినవాళ్ళయితే మరీను. ఏదో ఒకటి ఉండుంటే పలకరింపుకి బత్తాయిలు పట్టుకొచ్చేవాళ్ళు. ఏమీ లేదనేసరికి ఆటో డబ్బులు కూడా నన్నే ఇమ్మన్నారు.

ఆ ఏమీ లేనిది మొదటిసారి వచ్చింది పన్నెండేళ్ళ కిందట, ఒక మే నెల ఆదివారం మధ్యాహ్నం. నేను ఆవకాయ జాడీకి వాసెన కడుతున్నాను. కష్టమేం లేదు, గొడవేం లేదు. కాయ మంచిదొచ్చింది, నూనె సరిపోయింది, మా అమ్మ కూడా ఏ వంకా పెట్టలేదు. అలాంటి సుఖసమయంలో, గుడ్డ చుట్టి తాడు ముడి వేయబోతుంటే, గుండె ఒక్క దూకు దూకి గొంతులోకొచ్చింది. చేతులు చల్లబడ్డాయి, మూతి చుట్టూ తిమ్మిరెక్కింది. ఎదురుగా ఉన్న జాడీ ఎక్కడో వేరే ఊళ్ళో ఉన్నట్టు కనిపించింది. "అయిపోయింది" అనుకున్నాను. ఆవకాయ సంగతి కాదు.

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. చేతులనిండా ఆవపిండి, లుంగీ మీద నూనె మరకలు. ఛాతీ మీద చల్లటి జెల్లీ రాసి రబ్బరు బుడిపెలు అతికించిన కుర్రాడు నా వాసన పీల్చి, "ఏం సార్, కొత్తావకాయా?" అన్నాడు. చావబోయేవాణ్ణి అడగాల్సిన ప్రశ్నేనా అది? కాగితం మీద గీతలొచ్చాయి. డాక్టరుగారు చూసి, "ఏమీ లేదు, గ్యాసయుంటుంది" అన్నారు. ఇంటికొచ్చేసరికి గుండె తన మానాన తను బుద్ధిమంతురాలిలా కొట్టుకుంటోంది. జాడీకి వాసెన కట్టడం ఎవరికీ గుర్తు లేదు. ఆ ఏడు ఆవకాయ బూజు పట్టింది. నాకు ఏమీ లేకపోవడం వల్ల మా ఇంటికి జరిగిన మొదటి నష్టమది.

గ్యాసన్న మాట ఒకసారి డాక్టరు నోట వచ్చాక మన ఇళ్ళల్లో ఎవరు ఆగుతారు? తెలుగువాడి వైద్యశాస్త్రమంతా గ్యాసు మీదే నిలబడింది. వాము నమిలించారు, జీలకర్ర కషాయం తాగించారు, ఇంగువ మింగించారు. గోళీ సోడా కొట్టించి మరీ పట్టించారు. మా అమ్మ "ఒరేయ్ నాన్నా, ఇది దిష్టిరా" అని ఎండుమిరపకాయలు, రాళ్ళుప్పు చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. కోరు రాకపోతే దిష్టి ఉన్నట్టట. వచ్చింది. ఇంటిల్లిపాదీ గంటసేపు దగ్గారు. ఊపిరాడని బాధ ఎలా ఉంటుందో నావాళ్ళందరికీ తెలిసిన రోజు అదొక్కటే.

ఇన్నేళ్ళలో నాకు బోధపడిన ముఖ్యమైన విషయం ఒకటుంది. ఈ జబ్బుకి మన భాషే పెద్ద శత్రువు. అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలో దీనికి పదమూడు లక్షణాలు రాసుకున్నారు. ఉన్నట్టుండి ముంచుకొచ్చి, నిమిషాల్లో తారస్థాయికి చేరి, వాటిలో కనీసం నాలుగు కనిపిస్తే పానిక్ ఎటాక్ అంటారు. ఆ జాబితా చదివితే నాకు నవ్వొచ్చింది. అదంతా మా అమ్మ రోజూ మాట్లాడే తెలుగే. దడ అన్నారు, మనకి గుండెల్లో రైళ్ళు పరిగెడతాయి. చెమట అన్నారు, మనకి ముచ్చెమటలు. కళ్ళు తిరగడమన్నారు, మనకి బైర్లు కమ్ముతాయి. గొంతు పట్టెయ్యడమన్నారు, మనకక్కడ పచ్చి వెలక్కాయ పడుతుంది. వికారమంటే కడుపులో దేవడం. చచ్చిపోతానన్న భయమంటే పై ప్రాణాలు పైనే పోవడం. ఇంత నుడికారం కూర్చిపెట్టిన పూర్వీకుల్లో ఎంతమందికి ఈ బాధ ఉండేదో గానీ, వాళ్ళు చేసిన మేలు వల్ల నా మాటకి విలువ లేకుండా పోయింది. "గుండెల్లో రైళ్ళు పరిగెడుతున్నాయే" అని నేను గోడకి చేరగిలబడితే, మా ఆవిడ వంటింట్లోంచే "ఏమండీ, కరెంటు బిల్లొచ్చిందా?" అంది. ఉన్నదున్నట్టు చెబితే అలంకారమనుకుంటారు! గొంతులో వెలక్కాయ పడిందంటే ఎవరికి బాకీ పడ్డానో ఆరా తీస్తారు.

అసలింతకీ లోపల ఏం జరుగుతుందో తర్వాత తెలిసింది. కిడ్నీల నెత్తిమీద టోపీల్లా రెండు చిన్న గ్రంథులుంటాయి. ఒక్కోటి నాలుగైదు గ్రాములు. బంగారమైతే అర కాసు. అవి వదిలే పదార్థం పేరు అడ్రినలిన్. తకమినే అనే జపాన్ శాస్త్రవేత్త 1901లో అమెరికాలో ఉండగా దాన్ని స్ఫటికాలుగా విడదీశాడు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు శరీరం పోరాటానికో పరుగుకో ఎలా సిద్ధమవుతుందో వాల్టర్ కానన్ అనే హార్వర్డ్ ఆచార్యుడు 1915లో పుస్తకం రాశాడు. నెత్తురు తొడలకీ భుజాలకీ మళ్ళుతుంది, గుండె వేగం పెంచుతుంది, ఒళ్ళు చల్లబడ్డానికి చెమట పడుతుంది. అరగదీత పని వాయిదా పడుతుంది, నోరెండుతుంది. పులి ఎదురైతే ఎంతో అక్కరకొచ్చే ఏర్పాటు. కాదనను. కానీ పులులు నల్లమలలో ఉన్నాయి. నేను బెజవాడ సత్యనారాయణపురంలో, రెండో అంతస్తులో, తలుపు గడియ పెట్టుకుని ఉన్నాను. పులి రావాలన్నా కింద అపార్ట్‌మెంటు రిజిస్టర్లో సంతకం పెట్టి రావాలి. ఈ సంగతి ఆ గ్రంథులకి ఎవరు చెబుతారు?

ఇక రాత్రుళ్ళ సంగతి. రెండూ పది. ఫ్రిజ్ ఒకసారి ఒణికి ఆగుతుంది, ఆ నిశ్శబ్దానికి మెలకువొస్తుంది. వెంటనే చెయ్యి తలగడ కిందికి పోతుంది. అక్కడ కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటరుంటుంది. వేలికి తగిలిస్తే చీకట్లో ఎర్రగా, వినాయక చవితి పందిట్లో బల్బులా వెలుగుతుంది. నాడి 118. చూసిన భయానికి 126. ఊపిరి అందడం లేదని నేను నోరు తెరుచుకుని ఎగపీలుస్తుంటే, ప్రాణవాయువు అంకె మాత్రం 99 దగ్గర నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉంటుంది. యంత్రం పాడైందేమోనని ఎడమ చేతికి మారుస్తాను. 99. లేచి బీపీ మిషను తెస్తాను. దాని పట్టీకున్న అతుకు విప్పితే చర్రుమని చప్పుడు. మా ఆవిడ అటు తిరిగే ఉండి, "మళ్ళీ ఆ బట్టల క్లిప్పు తగిలించుకున్నారా?" అంటుంది. బీపీ 150 చూపిస్తుంది. 150 ఏమిటని ఇంకోసారి కొడితే 160. మూడోసారి కొట్టడానికి ధైర్యం చాలదు.

ఆ 99 రహస్యం తెలిసినప్పుడు నాకు తలవంపులైంది. గాలి చాలక కాదు, ఎక్కువై వచ్చిన తంటా అది. భయంతో గబగబా ఎగపీల్చి వదిలేస్తుంటే ఒంట్లో ఉండాల్సిన కార్బన్ డయాక్సైడు కూడా బయటికి పోతుంది. నెత్తురు క్షారం వైపు ఒరుగుతుంది. మెదడుకి పోయే రక్తనాళాలు కాస్త ముడుచుకుంటాయి. అందుకే తల తిరగడం, మూతి చుట్టూ చీమలు పాకడం, వేళ్ళు కొంకర్లు పోవడం. విస్తరి నిండా తిని ఆకలో అని ఏడ్చినట్టుంది యవ్వారం. ముక్కుకి కాగితం సంచీ పెట్టుకోమని మా పక్కింటాయన సలహా ఇచ్చాడు గానీ, ఆ పాత చిట్కా ఇప్పుడు వద్దంటున్నారు. నిజంగా గుండెకో ఊపిరితిత్తులకో జబ్బుంటే అది ప్రమాదం. మెల్లిగా పీల్చి, అంతకంటే మెల్లిగా వదలమంటారు. చెప్పడం తేలికే. ఇల్లు కాలుతుంటే మెల్లిగా నడవమన్నట్టుంటుంది.

పడిపోవడం సంగతి కూడా చెప్పాలి. పన్నెండేళ్ళుగా పడిపోతానేమోనని గోడ పట్టుకుని నడిచాను. ఒక్కసారీ పడలేదు. బీపీ పడిపోతే మనిషి పడతాడు, ఈ దడలో బీపీ పెరుగుతుంది కాబట్టి మామూలుగా పడరట. ముందే ఎవరైనా చెప్పుంటే గోడైనా దక్కేది. మా హాలు గోడ మీద, నడుమెత్తున, గది ఈ మూల నుంచి ఆ మూలకి జిడ్డు చారొకటి ఉంది, ఎద్దుబండి బాటలా. అది నా అరచేతి చరిత్ర. మొన్న రంగులేసే మేస్త్రీ దాన్ని చూసి, "చిన్నపిల్లలున్నారా అండీ ఇంట్లో?" అన్నాడు. మా ఆవిడ "ఒకరున్నారు" అంది.

ఈ జబ్బు ఇంట్లో కూర్చుని తిన్నది సరే, బయట కూడా ఒక్కో స్థలం ఆక్రమించుకుంటూ పోయింది. మొదట పోయింది సెలూను. మెడచుట్టూ గుడ్డ బిగించి, గొంతు మీద కత్తి పెట్టినవాడి ముందు ప్రశాంతంగా ఉండటమేమిటో నాకర్థం కాదు, మిగతా మగజాతి అంతా ఎలా ఉంటోందో! ఒకనాడు ఎడమ చెంప అయ్యాక లేచి వచ్చేశాను. కుడి చెంప నురుగుతో వీధంతా నడిచి ఇంటికి చేరాను. దారిలో నలుగురు పలకరించారు. అందరికీ "ఏమీ లేదు" అనే చెప్పాను. తర్వాత సినిమా హాల్లో మధ్య సీట్లు పోయాయి, చివరి సీటు దొరికితేనే సినిమా. తర్వాత లిఫ్టు. తర్వాత రైల్లో పై బెర్తు. చివరికి తిరుమల. కొండ మీద భయం లేదు, దేవుడి మీద అసలే లేదు. కానీ దర్శనానికి ముందు కంపార్టుమెంటులో కూర్చోబెట్టి గేటు వేస్తారే, ఆ గేటు తలుచుకుంటే చాలు, ఇంట్లో కూర్చునే ముచ్చెమటలు పట్టేవి. నాలుగేళ్ళ నాటి తలనీలాల మొక్కు అలా బాకీ పడింది. అసలే ఆయన వడ్డికాసులవాడు. నెత్తిమీద ఉన్నవి కూడా ఏటేటా రాలిపోతున్నాయి. చివరికి అసలు కూడా చెల్లించలేనేమోనని మా అమ్మ బెంగ.

కాఫీ మానమన్నారు. దాని గురించి నేను మాట్లాడదలుచుకోలేదు.

ఇలా అందరూ ఏమీ లేదు, ఏమీ లేదు అంటుండగా, పంటి నొప్పని ఒక దంతవైద్యుడి దగ్గరికెళ్ళాను. ఆయన నోట్లోకి దీపం పెట్టి చూసి, "రాత్రుళ్ళు పళ్ళు నూరుతారా? దవడ పళ్ళు సగం అరిగిపోయాయి. మెడ నరాలు పట్టేస్తాయా? పొద్దున్నే లేస్తే తలనొప్పా? ఏదైనా టెన్షన్ ఉందా?" అన్నారు. నేను కుర్చీలోంచి సగం లేచాను. "అంటే... ఉన్నట్టేనా అండీ?" అన్నాను. "ఉండకపోవడమేంటి, చూడండి" అని చిన్న అద్దం చేతికిచ్చారు. తొమ్మిదేళ్ళ దర్యాప్తులో దొరికిన మొదటి సాక్ష్యం! దవడలో, పసుపుపచ్చగా, అరిగిపోయిన తిరగలి రాయిలా. ఆ రోజు నేను స్వీట్లు కొనుక్కుని ఇంటికెళ్ళాను. పంటి డాక్టరు దగ్గర్నుంచి జాంగ్రీలతో వచ్చిన రోగి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఆయనే మానసిక వైద్యుణ్ణి కలవమన్నారు. ఇంట్లో ఒక నిమిషం ఫ్యాను చప్పుడు తప్ప ఏం వినపడలేదు. మన దగ్గర ఆ శాఖకి రెండే చిరునామాలు: హైదరాబాదువాళ్ళకి ఎర్రగడ్డ, విశాఖవాళ్ళకి వాల్తేరు. మా అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని, "పిల్లకి సంబంధాలు చూస్తున్న టైములో ఇదేం పాడుమాటరా" అంది. మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, గుండె ధైర్యానికి పెట్టింది పేరు. "టెన్షన్ పెట్టుకోకండి బావగారూ, అంతా మనసులోనే ఉంది. పొద్దున్నే లేచి బీసెంట్ రోడ్డు చివరిదాకా నడవండి" అన్నాడు. టెన్షన్ పెట్టుకోవద్దని చెప్పేవాళ్ళు, అదేదో నేను సాయంత్రం పూట పకోడీల్లా తెప్పించుకుని పెట్టుకుంటున్నట్టు మాట్లాడతారు.

చీకటి పడ్డాక, మాస్కు కట్టుకుని, నేనూ మా ఆవిడా వెళ్ళాం. మా టోకెను 15. పద్నాలుగో టోకెనువాడు మా పక్కనే పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పేపరు తలకిందులుగా ఉంది. నర్సు "పద్నాలుగు!" అని పిలిచేసరికి పేపరు దించాడు. మా బావమరిది. ముగ్గురం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. "పక్క మెడికల్ షాపుకొచ్చాను బావగారూ, ఏసీ ఉందని కూర్చున్నా" అన్నాడు. "మేమూ అంతే" అన్నాను. అక్కా తమ్ముడూ మాత్రం ఏం మాట్లాడుకోలేదు.

డాక్టరుగారు ఫైలు మొత్తం తిరగేశారు. నేను ఊపిరి బిగబట్టాను. ఈయనా ఆ రెండు మాటలే అంటే ఫైలుతో సహా కృష్ణలో దూకుదామని నిశ్చయం. ఆయన ఫైలు మూసి, "మొదటి ఈసీజీ తియ్యడం సరైన పనే. ఛాతీలో నొప్పొస్తే ఎవరైనా తీయించాల్సిందే. థైరాయిడ్, రక్తహీనత కూడా చూడాల్సిందే, అవీ ఇలాగే దడ పుట్టిస్తాయి. రెండోది ధైర్యం కోసం అనుకుందాం. ఈ మిగతా ఏడూ జబ్బులో భాగమే" అన్నారు. తర్వాత జబ్బుకి పేరు చెప్పారు. పానిక్ డిజార్డర్. నాకు కళ్ళనీళ్ళ పర్యంతమైంది. కొడుక్కి బారసాల చేసినప్పుడు కూడా పేరు విని అంత పొంగిపోలేదు.

పేరు లేక ఏడ్చింది నేనొక్కణ్ణే కాదని ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. అమెరికా అంతర్యుద్ధంలో పాల్గొన్న సైనికుల్లో ఇదే దడ, ఇదే ఆయాసం, ఇదే ఛాతీ నొప్పి చూసి, డా కోస్టా అనే వైద్యుడు 1871లో పెద్ద వ్యాసం అచ్చు వేయించాడు. గుండెలో పెద్ద లోపమేదీ దొరక్కపోయినా ఆ మహానుభావుడు "ఏమీ లేదు" అని పంపెయ్యలేదు. చిరాకు గుండె అన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడి గుండె అన్నారు. విడిగా ఒక జబ్బుగా అమెరికా వైద్యుల పుస్తకానికి ఎక్కింది 1980లో. అంటే నూటతొమ్మిదేళ్ళు. నాకు పేరు తొమ్మిదేళ్ళకే దొరికింది. ఫిర్యాదు చెయ్యడం న్యాయం కాదేమో గానీ, మొదలుపెట్టాను కాబట్టి చేస్తున్నాను.

మాత్ర రాశారు. పనిచెయ్యడానికి నెలా నెలన్నర పడుతుందనీ, మొదట్లో కంగారు కాస్త ఎక్కువైనా మానొద్దనీ చెప్పారు. నేను మింగకముందే డబ్బాలో కాగితం విప్పి చదివాను. పక్క టవలంత పొడుగు. చదవడం పూర్తయ్యేసరికి అందులో రాసినవన్నీ వచ్చేశాయి, ఆడవాళ్ళకి వచ్చేవి తప్ప. అంతకుముందు ఎవరో రాసిచ్చిన నిద్రమాత్రల్లాంటి అల్ప్రాజోలం స్ట్రిప్పు ఒకటి నా చొక్కా జేబులో ఎప్పుడూ ఉండేది. అది అలవాటు పడే సరుకు, సొంతంగా వేసుకోవడమూ తప్పే, అలవాటయ్యాక ఒక్కసారిగా మానడమూ తప్పే అని ఈయన హెచ్చరించారు. "అసలు వేసుకోవడం లేదండీ, జేబులో ఉంటే ధైర్యం" అన్నాను. చూపించమన్నారు. గడువు దాటి రెండేళ్ళయింది. ఆయన నవ్వకుండా నా జబ్బకున్న తాయెత్తు వైపొకసారి, స్ట్రిప్పు వైపొకసారి చూశారు. రెంటికీ అర్థం ఒకటేనని అప్పుడు తెలిసింది. మా అమ్మ కట్టిందానికి గడువు తేదీ లేదు, అంతే తేడా.

మాత్రతోపాటు ఒక సైకాలజిస్టు అమ్మాయి దగ్గరికి పంపారు. మా అమ్మాయి ఈడుది. ఇక్కడ నా ఫిర్యాదు తీవ్రరూపం దాల్చుతుంది. దడ తగ్గించడానికి డబ్బు కట్టించుకుని ఆ అమ్మాయి ఏం చేసిందో తెలుసా? దడ పుట్టించింది! తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి నిమిషంసేపు గిరగిరా తిప్పింది. ఉన్నచోటే పరిగెత్తించింది. కొబ్బరిబొండాంలో వేసే గొట్టం నోట్లో పెట్టి, ముక్కు మూసి, దాంతో ఊపిరి పీల్చమంది. యాభై నాలుగేళ్ళ గృహస్థుణ్ణి, ఇద్దరు పిల్లల తండ్రిని, నోట్లో గొట్టంతో ఆయాసపడుతుంటే, ఆ అమ్మాయి వాచీ చూసుకుంటూ, "బాగుందండీ, ఇంకో ముప్పై సెకన్లు" అంటోంది. "ఎలా ఉంది?" అంది. "అచ్చం అలాగే ఉంది" అన్నాను. "మరి పోతామనిపించిందా?" "లేదు. నువ్వు చేయించావు గదమ్మా." "అదే దడ గదండీ" అంది.

నేను ఆలోచనలో పడ్డాను. పడ్డానని ఆమెకి తెలియనివ్వలేదు.

దడ వల్ల భయం, భయం వల్ల మళ్ళీ దడ. ఆ తిరగలిని తిప్పుతున్నది ఎవరని ఆరా తీస్తే నా చెయ్యే కనబడుతుందట. దీన్ని ఆస్ట్రేలియాలో క్లేర్ వీక్స్ అనే డాక్టరమ్మ 1962లోనే మామూలు జనానికి అర్థమయ్యే పుస్తకంగా రాసింది. ఆవిడకీ వయసులో ఉండగా ఈ దడ ఉండేది. ఎదురుగా చూడు, ఉండనీ, తేలుతున్నట్టు వదిలెయ్యి, కాలాన్ని దాని పని చేసుకోనీ అంటుంది. వైద్యానికి రాకముందు ఆవిడ జంతుశాస్త్రంలో బల్లుల మీద పరిశోధన చేసింది. ఈ సంగతి చెప్పగానే మా అమ్మకి ఆవిడ మీద గౌరవం కలిగింది. "బల్లిశాస్త్రం తెలిసినావిడ ఊరికే చెప్పదురా, విను" అంది. పంచాంగం చివర భుజాన పడితే ఏమిటి, పాదాన పడితే ఏమిటి అని రాసి ఉంటుందే, ఆవిడ అదే చదువుకుందని అమ్మ నమ్మకం. నేను సరిదిద్దలేదు. వైద్యానికి ఇంట్లో అందరి మద్దతూ ఉంటే మంచిదన్నారు.

మూడేళ్ళయింది. తగ్గింది, పోలేదు. ఫైల్లోకి కొత్త ఈసీజీ చేరలేదు. బీపీ మిషనును మా ఆవిడ అటక మీద వినాయకుడి గొడుగు వెనకాల దాచింది. నాకు తెలుసని ఆమెకి తెలియదు. ఫ్రిజ్ మీద 14416 అని కాగితం అతికించింది. మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ నంబరు. పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులోనే. దాని పక్కనే గ్యాస్ బుకింగ్ నంబరుంది. ఒకసారి రాత్రి రెండింటికి కంగారులో రెండోదానికి చేశాను. తెల్లారి సిలిండరొచ్చింది. నా జబ్బు గ్యాసేనని మా పక్కింటాయన ఇప్పటికీ అంటాడు.

మొన్న మాఘమాసంలో మా అక్క కూతురి పెళ్ళి. నేను మేనమామను. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావాలి. పట్టుపంచె, భుజాన కండువా, జేబన్నది లేదు. అంటే స్ట్రిప్పు లేదు. ఒకవైపు నేను, రెండోవైపు మా పెద్దన్నయ్య. పిల్ల ఈ కాలం పిల్ల, బాగా తిన్నది. పైగా నగలు, పూలజడ, చేతిలో కొబ్బరిబొండాం. మండపం మెట్లెక్కేసరికి నా గుండె డప్పులకంటే గట్టిగా కొట్టుకుంటోంది, ముచ్చెమటలు కారుతున్నాయి, కళ్ళు బైర్లు కమ్మాయి. నాలుగు కాదు, లెక్కేస్తే ఏడు లక్షణాలు. ఒక్కడంటే ఒక్కడు ఈసీజీ అనలేదు. "మేనమామంటే అలా ఉండాలి" అని ఫొటోలు తీశారు.

అసలు పరీక్ష భోజనాల దగ్గర. బఫే కాదు, మా బావగారు పట్టుబట్టి పంక్తి భోజనాలు పెట్టించారు. పొడుగు బల్లలు, అరిటాకులు. అటు పన్నెండుమంది, ఇటు పన్నెండుమంది, సరిగ్గా మధ్యలో నేను. వెనక గోడ. పక్కన మా బావమరిది. పంక్తిలో కూర్చున్నాక మధ్యలో లేవకూడదు. లేస్తే తినేవాళ్ళందరికీ అవమానం, పెట్టేవాళ్ళకి అరిష్టం. తిరుమల కంపార్టుమెంటుకైనా ఎప్పుడో గేటు తీస్తారు. ఇక్కడ పెరుగు వస్తేగానీ గేటు తియ్యరు.

ముద్దపప్పులో నెయ్యి పడింది. సరిగ్గా అప్పుడే వచ్చింది, చెప్పాపెట్టకుండా, పెళ్ళిపిలుపు అందని చుట్టంలా. మూతి చుట్టూ చీమలు. అరిటాకు దూరంగా జరిగినట్టయింది. ఆకు అంచున నీటిబొట్టొకటి ఆగి ఉంది, దాన్నే చూస్తూ కూర్చున్నాను. పప్పు చల్లారుతోంది. కలిపాను. మింగుడు పడలేదు. ఇంకొంచెం పల్చగా కలిపాను. పక్కన చూస్తే మా బావమరిది వంకాయకూర ముట్టుకోకుండా రెండు చేతుల్తో బల్ల అంచు పట్టుకుని ఉన్నాడు. నుదుటిమీద కుంకుమబొట్టు చెమటకి కారి ముక్కుదాకా వచ్చింది.

"బావగారూ" అన్నాడు మెల్లిగా. "మీకూనా?"

"పులిహోర వస్తోంది. తిను" అన్నాను.

పులిహోర వచ్చింది. బూరె వచ్చింది. అది ఎక్కడికీ పోలేదు, నేనూ లేవలేదు. బూరెకి చిల్లు పెట్టి నెయ్యి పోయించుకునేదాకా ఉండి, ఏ వైపు నుంచి లేచి వెళ్ళిందో చూడలేదు. సాంబారు దగ్గర చూసుకుంటే లేదు. మా అక్క పంక్తి వెంట అందర్నీ పలకరించుకుంటూ వచ్చి నా దగ్గర ఆగింది.

"ఏరా, ఏమైంది? ఆ చెమటలేంటి?"

"ఏమీ లేదక్కా" అన్నాను. "పెరుగు పట్టుకు రమ్మను."